దిక్కులు నాలుగు, మూలలు నాలుగు

చిట్యాలలో మా బావది మోటార్ వైండింగ్ దుకాణం. యాసంగి నాట్లు పడ్డప్పటి నుంచి కాలిపోయిన మోటార్లు ట్రాలీల మీద వస్తూనే ఉంటాయి, అప్పుడు ఆయనకు ఊపిరి సలపదు. వానలు పడి చెరువులు నిండాక మాత్రం పని పలచబడుతుంది. అట్లాంటి ఒక వానాకాలంలో పిల్లల కోసం ఇంట్లోనే వీడియో గేముల పెట్టె కట్టాడు. ప్లైవుడ్ డబ్బా, పాత మానిటర్, లోపల రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్, ముందు పలక మీద ఇద్దరు ఆడుకోవడానికి రెండు జాయ్‌స్టిక్కులు, బటన్లు. ఇట్లాంటి పెట్టెలు కట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను రాయబోయేది పెట్టె గురించి కాదు, ఆ పలక కింద, కంటికి కనపడని చోట ఆయన చేసిన పని గురించి.

మా ఈడు వాళ్లకు వీడియో గేమ్ అంటే ముస్తఫా. 1993లో క్యాప్‌కామ్ కంపెనీ తెచ్చిన ఆ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. అందులోని ఒక వీరుడి పేరే మన దగ్గర ఆట మొత్తానికీ పేరైపోయింది. పరకాలలో ఒక్క రూపాయి బిళ్ల వేసి, వెనక వరుస కట్టినవాళ్ల ఊపిరి మెడకు తగులుతుంటే ఆడిన ఆట అది. బావ తన పెట్టెలో మొదట ఆడింది కూడా దాన్నే. బాగా నడిచింది. ఆ తర్వాత పిల్లలు ప్యాక్‌మ్యాన్ పెట్టారు. అక్కడ తేడా కొట్టింది. సందు మలుపు దగ్గర పైకి తిప్పితే ఆ పసుపుపచ్చ నోటి బొమ్మ తిరగకుండా నేరుగా పోయి దయ్యం నోట్లో పడుతోంది. చిన్నది ఏడుపు మొహం పెట్టి, "నేను పైకే అన్న నాయనా" అంది. ఆ పిల్ల చెప్పింది నిజం. చెయ్యి పైకే అన్నది, స్టిక్కు మాత్రం ఇంకో మాట కూడా కలిపి చెప్పింది.

జాయ్‌స్టిక్ లోపల స్విచ్చులు నాలుగే. పైకి, కిందికి, ఎడమకు, కుడికి ఒక్కొక్కటి. మరి మూలకు నెట్టితే? ఈశాన్యానికి అంటూ ప్రత్యేకంగా స్విచ్చు ఉండదు. పై స్విచ్చూ కుడి స్విచ్చూ ఒకేసారి నొక్కుకుంటే ఈశాన్యం. కింద, కుడి కలిస్తే ఆగ్నేయం. అట్లా నాలుగు స్విచ్చులతో ఎనిమిది దిక్కులు పలుకుతాయి. ముస్తఫాకు, 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2కు ఈ మూలలు లేకపోతే పని జరగదు. కిందికి నొక్కి, మూల మీదుగా ముందుకు జారిస్తేనే చేతుల్లోంచి అగ్నిగోళం వస్తుంది.

1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్‌కు, ఆ మరుసటి ఏడు వచ్చిన డాంకీ కాంగ్‌కు మూలలనేవే లేవు. ఒకటి గళ్ల సందుల్లో తిరిగే ఆట, ఇంకొకటి నిచ్చెనలు ఎక్కే ఆట. వాటి అసలు పెట్టెలకు నాలుగు దిక్కుల స్టిక్కే బిగించారు. ఎనిమిది దిక్కుల స్టిక్కుతో ఆడితే, కుడి నుంచి పైకి మారేటప్పుడు చెయ్యి ఈశాన్యం మీదుగా పోతుంది. ఆ లిప్తపాటు రెండు స్విచ్చులూ నొక్కుకుని ఉంటాయి. రెండు ఆజ్ఞలు ఒకేసారి వస్తే ఏది వినాలో ఆటకు తెలియదు, మలుపు తప్పుతుంది.

బావ దీన్ని నాకు తన తీరులో చెప్పాడు. "నైన్‌పాక గుడి జూసినవ్ గద బావా. నాలుగు దిక్కులకు నాలుగు దర్వాజలు. ఏ దిక్కు నుంచైనా లోపలికి పోతవ్. మూల నుంచి పోగలవా? గోడ తగుల్తది. గీ ఆటకు గట్ల గోడ గావాలె. ముస్తఫాకేమో మూలలు గావాలె. రెండూ ఒక్క కర్రతోనే గావాలె."

నైన్‌పాక చిట్యాల మండలంలోనిదే. ఒకే రాతికి నాలుగు వైపులా విగ్రహాలు చెక్కి, నాలుగు వైపులా ద్వారాలు పెట్టిన గుడి. చిన్నప్పటి నుంచి దాన్ని చూస్తున్న మనిషికి ఆ పోలిక ఇట్టే తట్టింది. నాకు మాత్రం అప్పటి నుంచి జాయ్‌స్టిక్ అడుగు చూసినప్పుడల్లా గుడి గర్భాలయమే గుర్తుకొస్తుంది.

రెండు రకాల ఆటలకూ మారే స్టిక్కులు బజారులో లేకపోలేదు. ఇంగ్లండు కంపెనీ అల్టిమార్క్ ఈ సంగతి మీదే ఏళ్ల తరబడి పనిచేసింది. వాళ్ల మ్యాగ్‌స్టిక్ ప్లస్‌లో స్టిక్కును మధ్యకు తెచ్చేది స్ప్రింగు కాదు, అయస్కాంతం. పిడిని పైకి లాగి తిప్పితే నాలుగు దిక్కుల నుంచి ఎనిమిదికి మారుతుంది, పలక విప్పే పనే లేదు. సర్వోస్టిక్ అనే దాంట్లో చిన్న మోటారు ఉంటుంది. ఆట మొదలుకాగానే కంప్యూటర్ చెప్పిన ప్రకారం అదే మారిపోతుంది. యూ360లో స్విచ్చులే ఉండవు, కర్ర ఎక్కడుందో అయస్కాంతం ద్వారా పసిగట్టి, ఎటు అంటే ఏ దిక్కో కంప్యూటర్‌లో గీసిన పటాన్ని బట్టి తేలుస్తారు. మూడూ తెలివైన పనులే. పిడి లాగి తిప్పే పద్ధతిలో ఆ తేలిక నాకు ఎంతో నచ్చింది.

బావ వాటి బొమ్మలన్నీ చూశాడు, ఒక్కోటి ఎట్లా నడుస్తుందో కాగితం మీద గీసుకున్నాడు. చివరకు తీసుకున్నది మాత్రం జపాన్ కంపెనీ సాన్వా తయారుచేసే జేఎల్‌ఎఫ్ నమూనాలో వచ్చే మామూలు స్టిక్కు. దాన్ని ఎన్నుకోవడానికి ఆయన చెప్పిన కారణం ఒక్కటే: ప్రతి భాగమూ విడిగా విప్పవచ్చు, విప్పినదాన్ని మళ్లీ బిగించవచ్చు. మోటారైనా అంతే, విప్పడానికి వీల్లేనిదాన్ని ఆయన దుకాణంలోకి రానివ్వడు.

ఆ స్టిక్కును నా ముందే బల్ల మీద విప్పాడు. పైన 35 మిల్లీమీటర్ల గుండు, దాన్ని తిప్పితే మరలు వదిలి ఊడి వచ్చేస్తుంది. గుండు కింద ఉక్కు కడ్డీ. పలక రంధ్రాన్ని కప్పే దుమ్ము బిళ్ల. ఆ కింద ప్లాస్టిక్ ఒళ్లు, దాని మధ్యలో గిన్నె లాంటి గుంట, ఆ గుంటలో కూర్చునే గోళపు బుడిపె. కడ్డీ ఎటు వంగినా ఈ బుడిపె మీదే తిరుగుతుంది, మన భుజం కీలు లాగ. అడుగున స్ప్రింగు, స్ప్రింగును కింది నుంచి పట్టి ఉంచే గొట్టం, ఆ గొట్టం జారిపోకుండా కడ్డీ గాడిలో ఇరికించిన క్లిప్పు. స్విచ్చులను నొక్కేది ఈ గొట్టమే. దాని చుట్టూ చిన్న సర్క్యూట్ పలక మీద నాలుగు మైక్రోస్విచ్చులు, ఐదు తీగలు: దిక్కుకు ఒకటి చొప్పున నాలుగు, అన్నిటికీ ఉమ్మడిగా ఒకటి. కడ్డీ మధ్యలో తిరుగుతుంది కాబట్టి గుండును పైకి నెట్టితే అడుగు కిందికి పోతుంది. అందుకే 'పైకి' అనే స్విచ్చు కింది వైపు ఉంటుంది. మొదటిసారి తీగలు కలిపేవాళ్లు ఇక్కడ తికమక పడతారు.

మైక్రోస్విచ్చు దగ్గర కొంచెం ఆగాలి. 1932లో అమెరికాలో పీటర్ మెక్‌గాల్ అనే ఆయన కనిపెట్టిన వస్తువు ఇది. లోపల వంచి ఇరికించిన పలచటి లోహపు రేకు ఉంటుంది. మీట నొక్కుతుంటే ఆ రేకు మీద బిగువు పెరుగుతూ పోతుంది కానీ కదలదు. ఒక హద్దు దాటగానే టక్కున అవతలి పక్కకు ఎగురుతుంది. మనం ఎంత మెల్లగా నొక్కినా దాని ఎగురుడు మాత్రం అంతే వేగంగా ఉంటుంది. అందుకే నిప్పురవ్వలు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. ఇంకో గుణం, నొక్కుకునే చోటు, వదిలే చోటు ఒకటి కావు. వదిలే చోటు కాస్త ఇవతలికి ఉంటుంది. ఆ చిన్న తేడా లేకపోతే హద్దు మీద నిలబడ్డ స్విచ్చు గజగజ వణుకుతూ ఉండేది.

ఇక అన్నిటికంటే అడుగున ఉండేది గేటు. ప్లాస్టిక్ పలకలో చతురస్రాకారపు రంధ్రం, అంతే. దానికి తీగలు లేవు, స్ప్రింగులు లేవు. కడ్డీ అడుగు ఎంత దూరం పోవచ్చో, ఎక్కడ గోడ తగలాలో అదే చెబుతుంది. చతురస్రాన్ని మామూలుగా పెడితే దాని మూలలు ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యాల వైపు ఉంటాయి. కడ్డీ మూలలోకి పోయి కూర్చుంటుంది, రెండు స్విచ్చులూ పలుకుతాయి. అదే చతురస్రాన్ని 45 డిగ్రీలు తిప్పితే పేకముక్క మీది డైమండ్ ఆకారమవుతుంది. ఇప్పుడు మూలలు నేరుగా నాలుగు దిక్కులకు వచ్చాయి, ఈశాన్యంలో గోడ లేచింది. జేఎల్‌ఎఫ్ చేసినవాళ్లు ఈ వీలు మొదటి నుంచీ ఉంచారు. కాకపోతే పలక తెరిచి, కిందికి చెయ్యి పెట్టి, గేటు విప్పి, తిప్పి, మళ్లీ బిగించాలి. ప్యాక్‌మ్యాన్ నుంచి ముస్తఫాకు మారిన ప్రతిసారీ అది ఎవరివల్ల అవుతుంది?

గేటును బయటి నుంచి తిప్పేలా చేస్తే చాలు కదా అనిపిస్తుంది. నాకూ అట్లాగే అనిపించింది. అప్పుడు బావ గ్రాఫు కాగితం తీశాడు, అసలు పని అక్కడ మొదలైంది.

గేటు తీసేసిన స్టిక్కును నిటారుగా బిగించాడు. కడ్డీ అడుగున పెన్సిలు ముక్కు అతికించి, దాని కింద గ్రాఫు కాగితం పరిచాడు. మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి ఒక స్విచ్చుకు తగిలించాడు. ఇక కడ్డీని వెంట్రుకవాసి చొప్పున జరుపుకుంటూ, బీప్ వినపడ్డ చోటల్లా చుక్క పెట్టాడు. ఒక్కో స్విచ్చుకు పది పన్నెండు చుక్కలు. చుక్కలు కలిపితే నాలుగు గీతలు వచ్చాయి, మధ్యలో ఒక చదరం. ఆ చదరం లోపల ఏ స్విచ్చూ పలకదు. ఒక గీత దాటితే ఒక దిక్కు. రెండు గీతలు దాటిన మూల ముక్కల్లో రెండు దిక్కులూ కలిసి పలుకుతాయి. బజారులో అమ్మే ఏ కాగితం మీదా ఉండని పటం అది. ఆ ఒక్క స్టిక్కు జాతకం.

మధ్య బిందువు నుంచి గీత దాకా ఆయన స్టిక్కులో 4 మిల్లీమీటర్లు వచ్చింది. ఇప్పుడు గేటు చతురస్రం ఎంత ఉండాలి? నిటారుగా ఉన్నప్పుడు కడ్డీ ఏ దిక్కుకైనా 4 మిల్లీమీటర్లు దాటి పోవాలి, లేకపోతే స్విచ్చే పలకదు. అంటే గోడ 4 కంటే దూరంగా ఉండాలి. అదే చతురస్రం 45 డిగ్రీలు తిరిగినప్పుడు, ఈశాన్యపు గోడ అంతే దూరంలో ఉంటుంది కానీ ఏటవాలుగా ఉంటుంది. ఆ దూరంలో పైకి పోయేది, కుడికి పోయేది ఒక్కొక్కటీ 0.71 వంతు మాత్రమే. ఆ వంతు 4కు తక్కువగా ఉంటేనే రెండు స్విచ్చులూ కలిసి నొక్కుకోవు. గోడను 5 మిల్లీమీటర్ల దగ్గర పెడితే 0.71 వంతు సుమారు 3.5. అంటే 4కు అర మిల్లీమీటరే ఎడం. బుడిపె కాస్త అరిగి కడ్డీ ఊగితే ఆ అర మిల్లీమీటరు పోతుంది, మళ్లీ మూలలు పలుకుతాయి. గోడను 4.2 దగ్గర పెడితే నాలుగు దిక్కుల పని భేషుగ్గా ఉంటుంది, ఎనిమిది దిక్కుల్లో మాత్రం స్విచ్చు నొక్కుకుందో లేదో అన్న భయం.

బావ 4.7 దగ్గర ఆగాడు. అక్కడ నిటారు చతురస్రంలో గీత దాటి పోవడానికి 0.7 మిల్లీమీటరు, తిప్పిన చతురస్రంలో గీతకు ఇవతల ఆగిపోవడానికి దాదాపు అదే 0.7. రెండు వైపులా భయం సమానంగా పంచాడన్నమాట. ఈ లెక్కను ఆయన వర్గమూలాలతో చేయలేదు. అట్ట ముక్కల్లో మూడు సైజుల చతురస్రాలు కోసి, గ్రాఫు మీద తిప్పి తిప్పి చూసి పట్టుకున్నాడు. నేను ఇంటికొచ్చి లెక్క వేస్తే 4.69 వచ్చింది. ఆ రాత్రి చాలాసేపు ఆ అంకె వంక చూస్తూ కూర్చున్నాను.

ఈ లెక్క తెలిసినవాళ్లకు ఇంకో సంగతి కూడా అర్థమవుతుంది. పోట్లాట ఆటలు ఆడేవాళ్లు స్విచ్చు త్వరగా పలకాలని కడ్డీ అడుగున లావు గొట్టం వేసుకుంటారు. దాంతో గీత మధ్యకు దగ్గరవుతుంది. ఎనిమిది దిక్కులకు అది లాభమే. పాత గేటుతోనే నాలుగు దిక్కులు ఆడితే మూలలు మళ్లీ పలకడం మొదలవుతుంది. ఒక భాగాన్ని మెరుగుపెట్టామనుకుంటే, దాని మీద ఆనుకున్న లెక్క అంతా కదులుతుంది.

గేటు చేయడానికి ఆయన ఎంచుకున్నది హైలం షీటు. స్టార్టర్ డబ్బాల్లో, ప్యానెల్ బోర్డుల్లో కరెంటు పాకకుండా వాడే గోధుమరంగు పలక, వైండింగ్ దుకాణంలో ఎప్పుడూ ఉండే సరుకు. గట్టిది, అరగదు, నూనె పట్టదు. 3 మిల్లీమీటర్ల షీటులో గుండ్రటి బిళ్ల కోశాడు. కోసిన షీటులో మిగిలిన గుండ్రటి రంధ్రమే ఆ బిళ్ల తిరగడానికి చట్రమైంది. బ్లేడు తిన్నంత సందును రాగి రేకు చుట్టి పూడ్చాడు. పైనా కిందా పలచటి పలకలు వేసి, మధ్యలో బిళ్ల తిరిగేలా బిగించాడు. బిళ్ల నడుమ చతురస్రాన్ని ముందు డ్రిల్లుతో తొలిచి, తర్వాత ఆకురాయితో గీత దాకా తెచ్చాడు. ఒక పక్క నాలుగు దెబ్బలు, వెర్నియర్ పెట్టి కొలత, ఎదుటి పక్క నాలుగు దెబ్బలు, మళ్లీ కొలత. మూలలను పదునుగా వదలకుండా సన్నటి గుండ్రటి ఆకురాయితో కడ్డీ ఒదిగేంత గుండ్రం చేశాడు. పదును మూల దగ్గరే హైలం పొరలు విచ్చుకుంటాయి. అంతకు మించి గుండ్రం చేస్తే కడ్డీ మూలలోకి పూర్తిగా పోదు. చివరికి నీళ్ల పేపరుతో అంచులు నునుపు చేసి, వేలి గోరు పెట్టి తడిమాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు.

బిళ్లకు ఒక చెయ్యి, అల్యూమినియం పట్టీతో. రెండు స్టిక్కుల రెండు చేతులనూ పలక ముందు అంచున ఉన్న ఒకే మీటకు కలపాలి. మొదట సైకిల్ బ్రేకు వైరు అనుకున్నాడు. వైరు లాగుతుంది, నెట్టదు. అందుకని సైకిల్ స్పోకు తీసుకున్నాడు. అది లాగుతుంది, నెట్టుతుంది కూడా. పైగా స్పోకు కొసన మరలున్న నిప్పిల్ ఉంటుంది కదా, చక్రం వంకర తీసేటప్పుడు తిప్పేది. ఆ నిప్పిల్ తిప్పితే స్పోకు పొడవు వెంట్రుకవాసి చొప్పున మారుతుంది. కాబట్టి రెండు గేట్లలో ఏది కాస్త తక్కువ తిరిగినా దాన్ని విడిగా సరిచేయవచ్చు. ఎన్నో ఏళ్లుగా చక్రాలను సరిచేస్తున్న ఆ చిన్న ఇత్తడి ముక్క ఇక్కడ అచ్చంగా అదే పనికి కుదిరింది.

అన్నిటికంటే నాకు నచ్చింది స్ప్రింగు. గేటు సగంలో ఆగిపోతే అటూ ఇటూ కాకుండా పోతుంది, ఆట చెడుతుంది. దానికి మందు ఏమిటి? పాత స్టార్టర్లోంచి తీసిన లాగుడు స్ప్రింగును మీట చేతికీ, చట్రం మీది మొలకూ మధ్య కట్టాడు. మొల ఎక్కడుందంటే, మీట సరిగ్గా సగం తిరిగేసరికి స్ప్రింగు మీట ఇరుసు మీదుగా పోయేలా ఉంది. మొత్తం 45లో సగం, 22.5 డిగ్రీల దగ్గర స్ప్రింగు నిట్టనిలువుగా బిగుసుకుంటుంది. ఆ బిందువు ఒక్క రవ్వ దాటిందంటే స్ప్రింగే మీటను అవతలికి లాగేసుకుంటుంది. మధ్యలో నిలవడానికి చోటే లేదు. చేతికి టక్కుమని తగులుతుంది. మైక్రోస్విచ్చు లోపల రేకు చేసే పని ఇదే. చిటికెన వేలి గోరంత డబ్బాలో ఉన్న యుక్తినే జానెడు మీట మీద మళ్లీ వాడాడు. ఆ మాట అంటే, "కరెంటు స్విచ్చుల గిదే ఉంటది గద బావా" అని తేలిగ్గా తీసేశాడు. రోజూ చేత్తో పట్టుకునే వస్తువు లోపల ఏముందో తెలిసినవాడికే ఆ మాట అంత తేలిగ్గా వస్తుంది.

ఏ ఆటకు మీట ఎటు ఉండాలో పిల్లలకు తెలియాలి కదా. 1997లో మొదలై, పాత ఆటల పెట్టెలను కంప్యూటర్లో బతికిస్తున్న మేమ్ అనే సాఫ్ట్‌వేర్ తన జాబితాలో ప్రతి ఆటకూ ఎన్ని దిక్కుల స్టిక్కో రాసి ఉంచుతుంది. బావ కొడుకు ఆ జాబితా నుంచి ఆటలను విడదీసి, ఒక్కో ఆట తెరుచుకునేటప్పుడు తెర మీద ఒక బొమ్మ వచ్చేలా పెట్టాడు. ఎనిమిది దిక్కుల ఆటకు నిటారు చతురస్రం, నాలుగు దిక్కుల ఆటకు డైమండ్. మీట పక్కన పలక మీద కూడా అవే రెండు గుర్తులు.

నిజానికి మేమ్ కూడా తన వంతుగా మూలలను సర్దడానికి చూస్తుంది. రెండు స్విచ్చులు కలిసి పలికితే కొత్తగా వచ్చిన దిక్కును ఎంచుకుంటుంది. దాంతో ఆట కొంతవరకు నడుస్తుంది. చేతికి మాత్రం అది తెలియదు. తిప్పిన గేటులో కడ్డీ కుడి మూల నుంచి పై మూలకు ఏటవాలు గోడ వెంట జారుతుంది. దారి మధ్యలో కుడి స్విచ్చు వదులుతుంది, పై స్విచ్చు ఇంకా అందదు, ఏదీ పలకని సన్నటి సందు ఒకటి ఉంటుంది. ప్యాక్‌మ్యాన్ ఆ సందులో పాత దారినే పోతుంటాడు కాబట్టి ఆటకు నష్టం లేదు. వెంటనే కడ్డీ పై మూలలో కూర్చుంటుంది. కూర్చున్నట్టు అరచేతికి తెలుస్తుంది. మలుపు తిరిగిందా అని తెర వైపు చూడనక్కర్లేదు.

పోయిన దసరాకు చూసినప్పుడు చిన్నది అట్లాగే ఆడుతోంది. ముస్తఫా అయిపోగానే మీటను బొటనవేలితో తోసింది, పలక కింద రెండు టక్కులు ఒక్కటిగా వినిపించాయి, ప్యాక్‌మ్యాన్ మొదలైంది. నాలుగు దయ్యాలూ వెంటపడుతుంటే ఒక్క మలుపు కూడా తప్పలేదు.

పెట్టె వెనక తలుపు తీసి చూస్తే లోపలి వైపు ఆ గ్రాఫు కాగితాలు రెండూ టేపుతో అతికించి ఉన్నాయి. స్విచ్చులు అరిగి మార్చిన రోజు మళ్లీ చుక్కలు పెట్టి పోల్చుకోవడానికట. మొదటి స్టిక్కు గీతలు 4 దగ్గర ఉంటే, రెండో స్టిక్కులో ఎడమ గీత ఒక్కటి 4.2 దాకా జరిగి ఉంది. ఒకే పెట్టెలో, ఒకే రోజు వచ్చిన రెండు స్టిక్కులకే అంత తేడా. అందుకని రెండో బిళ్లలో ఆ పక్క గోడను విడిగా ఆకురాయితో సరిచేసి, బిళ్లలు తారుమారు కాకుండా ఒకదాని మీద ఒక చుక్క, ఇంకొకదాని మీద రెండు చుక్కలు పొడిచాడు, వైండింగ్ చుట్టలకు పెట్టినట్టే.